బహిర్గతమా, నమోదా? లువాకు సీ ఫంక్షన్లను అందించే పనికి తెలుగు మాట

ప్రశ్న (హనుమకొండ నుంచి):

పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ పాఠాలు చెబుతుంటాను. పరకాల, ములుగు, భూపాలపల్లి వైపు నుంచి తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లల కోసం లువా అనే ప్రోగ్రామింగ్ భాష మీద ఒక పాఠం సిద్ధం చేస్తున్నాను. సీ భాషలో రాసి కంపైల్ చేసిన (యంత్రభాషలోకి మార్చిన) ఫంక్షన్లను లువా స్క్రిప్టు నుంచి వాడుకునేలా చేసే పనిని ఇంగ్లిషులో ‘ఎక్స్‌పోజ్’ చేయడం అంటారు కదా. నా చేతికి వచ్చిన ఒక అనువాద ప్రతిలో దీనిని ‘పొందుపరచిన లిపి భాషకు స్థానిక సంకలిత ప్రమేయాలను బహిర్గతం చేయుట’ అని రాశారు. ఇంతకంటే తేటగా చెప్పే దారి ఉన్నదా?

సమాధానం (వరంగల్ నుంచి):

సార్, మాటను ఎంచుకునే ముందు అక్కడ జరిగే పనిని దగ్గరగా చూద్దాం. గుంటలను ఎకరాలుగా మార్చే ఫంక్షన్‌ను సీలో రాశామనుకోండి. అది ఎన్ని విలువలను, ఏ రకం విలువలను అడుగుతుందో లువాకు తెలియదు. అందుకే రెంటికీ నడుమ ఒక స్టాక్, అంటే విలువలను ఒకదానిమీద ఒకటి పేర్చే చోటు, ఉంటుంది. స్క్రిప్టు ఈ ఫంక్షన్‌ను 100తో పిలిచినప్పుడు లువా ఆ 100ను స్టాక్‌లో ఒకటో స్థానంలో పెడుతుంది. సీ ఫంక్షన్ ‘లువాఎల్_చెక్‌నంబర్’తో అక్కడ ఉన్నది సంఖ్యేనా, లేక సంఖ్యగా మార్చదగినదేనా అని చూసి తీసుకుని, 40తో భాగించి, వచ్చిన 2.5ను ‘లువా_పుష్‌నంబర్’తో మళ్లీ స్టాక్ మీద పెట్టి, చివరకు 1ని రిటర్న్ చేస్తుంది. ఆ 1 జవాబు కాదు, పైన ఎన్ని జవాబులు పెట్టామో చెప్పే లెక్క. పిల్లలు తడబడేది సరిగ్గా ఇక్కడే కాబట్టి పాఠంలో దీనిని నొక్కి చెప్పండి.

ఇంత చేసినా ఆ ఫంక్షన్ ఉన్నట్టు స్క్రిప్టుకు తెలియదు. ‘లువా_రిజిస్టర్’తో దానికొక పేరు పెట్టి లువా గ్లోబల్ పట్టికలోకి (స్క్రిప్టులో ఎక్కడి నుంచైనా అందే పేర్లు ఉండే చోటులోకి) ఎక్కించిన తరువాతనే స్క్రిప్టు ఆ పేరుతో పిలవగలుగుతుంది. అప్పుడు కూడా స్క్రిప్టుకు అందేది పిలవడానికి వీలైన ఒక విలువ మాత్రమే. లోపలి సీ కోడ్ గానీ, అది వాడుకునే మెమరీ గానీ దాని చేతికి రావు.

అందుకే ‘బహిర్గతం’ అనే మాట మీద నాకు గట్టి అభ్యంతరం ఉన్నది. దాచిన రహస్యం బయటపడితే బహిర్గతమైందంటాం. ఇక్కడ జరిగేది దాదాపు దానికి ఎదురు: ఏవి ఇవ్వాలో ఎంచి, వాటినే ఇస్తాం. లువాలో ‘ప్రింట్’ కూడా ఇదే దారిన వచ్చిన సీ ఫంక్షనే. లువాతో వచ్చే లైబ్రరీలను ఎక్కించే ‘లువాఎల్_ఓపెన్‌లిబ్స్’ను పిలవకుండా, వేరే దారిలోనూ ప్రింట్ ఉన్న లైబ్రరీని ఎక్కించకుండా లువాను మొదలుపెడితే స్క్రిప్టుకు ప్రింట్ కూడా ఉండదు. నమ్మకం లేని స్క్రిప్టును నడపవలసి వచ్చినప్పుడు ఫైళ్లను ముట్టుకునే ‘ఐఓ’, ‘ఓఎస్’ లైబ్రరీలను ఇవ్వకుండా ఆపేది కూడా ఈ ఏర్పాటు వల్లనే.

నా ఓటు ‘నమోదు’కు. లువా వాళ్లే ‘రిజిస్టర్’ అన్నారు. ఓటరు జాబితాలోనో, భూమి రికార్డులోనో పేరు నమోదు కావడం మన పిల్లలు ఇంట్లో రోజూ వినే మాటే. పారసీలో ‘నమూద్’ అంటే కనబడడం అన్న అర్థం కూడా ఉన్నది కాబట్టి, ఇంగ్లిషు మాటలో ఉన్న ‘చూపించడం’ అనే భావం కూడా దీనితో పూర్తిగా పోదు.

మిగతా మాటల్లో ‘లిపి’ని వెంటనే తీసేయాలి, స్క్రిప్టింగ్‌కు రాత లిపితో సంబంధం లేదు. ‘స్థానిక’ మరింత ప్రమాదకరం, ఎందుకంటే రెండు పేజీల తరువాత లోకల్ వేరియబుల్‌కు కూడా అదే మాట వాడవలసి వస్తుంది. నేటివ్ అంటే ఇక్కడ ఆ ప్రాసెసర్ సొంత యంత్రభాషలోకి మారినది అని అర్థం. ‘ప్రమేయం’ ఇంటర్ లెక్కల పుస్తకంలో చక్కని మాటే కానీ, ఫైలు తెరిచే, తెరమీద రాసే ఫంక్షన్‌కు అది నప్పదు. శీర్షికను ఇలా రాయవచ్చు: ‘కంపైల్ చేసిన సీ ఫంక్షన్లను లువాలో నమోదు చేయడం’.

మరొక సందేహం (కరీంనగర్ నుంచి):

పై వివరణ బాగున్నదన్నా. స్టాక్‌ను ‘దొంతర’ అనవచ్చునా? అట్లాగే, ఆ ఫంక్షన్‌కు తెలుగు లిపిలోనే పేరు పెట్టవచ్చునా?

సమాధానం (వరంగల్ నుంచి):

దొంతర అచ్చమైన మాట, తప్పక వాడండి. ఒక్క జాగ్రత్త: పెండ్లిలో ఐరేని కుండల దొంతర నుంచి నడిమి కుండను లాగలేం, కానీ లువా స్టాక్‌లో ఏ స్థానంలోని విలువనైనా చూడవచ్చు. కింది నుంచి లెక్క 1, 2, 3 అని సాగుతుంది; పైనుంచి చూస్తే అన్నిటికంటే పైది -1, దాని కిందిది -2.

పేరు సంగతి కొంచెం చిక్కైనది. అసలు లువాలో పేర్లకు లాటిన్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే చెల్లుతాయి. అయితే ‘లువా_రిజిస్టర్’ ఇచ్చిన పేరును మామూలు స్ట్రింగుగానే పట్టికలో పెడుతుంది కనుక, తెలుగులో ‘ఎకరాలు’ అని నమోదు చేసినా అది అభ్యంతరం చెప్పదు. స్క్రిప్టులో మాత్రం నేరుగా ఆ పేరు రాస్తే లువా ఒప్పుకోదు. గ్లోబల్ పట్టికైన ‘_జీ’ పక్కన చతురస్ర కుండలీకరణాలలో, కొటేషన్ గుర్తుల మధ్య ‘ఎకరాలు’ అని రాసి పిలవాలి. అట్లా 100 ఇస్తే 2.5 వస్తుంది. మొదటి పాఠంలో లాటిన్ అక్షరాల పేరే పెట్టి, ఈ పద్ధతిని పట్టికల పాఠంలో చూపించమని నా సలహా.