"చెయ్యి తాకితె తప్పుర..." నడుమ మాట ఏంది?

హన్మకొండ నుంచి:
నిన్న మా పిలగాని ఫుట్‌బాల్ మ్యాచ్‌కు పోయిన. అవతలి డిఫెండర్ మోచేతికి బంతి తగలంగనే గ్రౌండంత "హ్యాండ్! హ్యాండ్!" అని ఒకటే లొల్లి. రిఫరీ ఈల ఊదలే. అప్పుడు మా పీఈటీ సారు మాట యాదికొచ్చింది: "చెయ్యి తాకితె తప్పుర, చేతికి తాకితె ఒప్పుర." నాకు "చేతికి" అనే గుర్తు. మా తమ్ముడేమో "చెయ్యికి" అంటడు. ఆయన దగ్గర ఆడినోళ్లు ఎవరన్న ఉన్నరా?

కాజీపేట నుంచి:
"చెయ్యికి"నే అన్నా. రెండేండ్లు ఆయన ముంగట గోల్‌ల నిలబడ్డోణ్ణి. "నీకు ఈ మాట పట్టదురా" అని నవ్వేటోడు.

జనగామ నుంచి:
"చెయ్యికి" ఏమిటి నాయనా? విభక్తికి ముందు "తి" అనే ఔపవిభక్తికం రావాలి, "చేతికి" కావాలి. పీఈటీ మాస్టారైనంత మాత్రాన వ్యాకరణం వదిలేస్తారా?

కాజీపేట నుంచి:
మా ఇంట్ల "చెయ్యికి గాజులు" అనే అంటరు సార్. మరి మా అమ్మది తెలుగు కాదా?

కరీంనగర్ నుంచి:
చేతి, చెయ్యి పక్కన పెట్టండి. ప్రాణమంత ఆ "కి"ల ఉంది. "చెయ్యి తాకితె" అంటె చెయ్యే కర్త. "చేతికి తాకితె" అంటె బంతి కర్త. చతుర్థీ విభక్తి ఒక్క అక్షరంతోని పెనాల్టీ తప్పిస్తది!

జనగామ నుంచి:
కి, కు షష్ఠి. చతుర్థి కొరకు, కై. కర్త మాట మాత్రం బాగుంది.

సుబేదారి నుంచి:
జిల్లా మ్యాచ్‌లకు ఈల ఊదేటోణ్ణి. సారు మాటల సగమే ఉంది. కావాలని తాకితె తప్పు, అది అందరికి తెలుసు. కని చేతులు బార్ల చాపి ఒళ్లు పెద్దగ చేసుకొని నిలబడితె, బంతే వచ్చి తగిలినా తప్పే. నిన్నటి డిఫెండర్ చెయ్యి ఒంటికి ఆనుకొని ఉంటె రిఫరీ ఊదకపోవుడే కరెక్టు. ఇంకోటి, పొరపాటున తన చేతికి తగిలిన వెంటనే తనే గోల్ కొట్టిండనుకో, అది చెల్లది. తోటి ఆటగాని చేతికి పొరపాటున తగిలి, ఇంకొకడు కొడితె? 2021ల రూల్ మార్చినప్పటి నుంచి చెల్లుతది.

కరీంనగర్ నుంచి:
చూసిన్రా! తాకిండు, తగిలింది, తగిలించుకున్నడు. ఫుట్‌బాల్‌ల ఫౌళ్ల గురించి చెప్పే పన్నెండో నియమం మొత్తం మన క్రియలల్లనే ఉంది. ఆ "కొను" ఉన్నది చూడండి, చేతులు చాపి నిలబడ్డోని కోసమే పుట్టింది.

సుబేదారి నుంచి:
మరి పొరపాటున తగిలి గోలైతె ఏ క్రియ అన్నా?

కరీంనగర్ నుంచి:
తగిలింది గని దక్కలే.

పరకాల నుంచి:
అసలు చెయ్యి ఏడికెల్లి మొదలైతది? మా దిక్కు జబ్బకు తగిలినా "హ్యాండే" అని కొట్లాడతరు.

సుబేదారి నుంచి:
2020ల గీత గీసిన్రు. చంక అడుగు వరసకు కిందిది చెయ్యి, మీదిది భుజం. జబ్బతోని కొట్టొచ్చు, రెట్టకు తగిలితె ఆలోచించాలె.

జనగామ నుంచి:
జబ్బ, రెట్ట, మోచెయ్యి, మణికట్టు! ఇన్ని మాటలున్న భాషలో "హ్యాండ్" అని ఒక్క అరుపుతో సరిపెట్టుకుంటారు. మా బమ్మెర పోతన గజేంద్రమోక్షంలో విష్ణువు చేతుల్ని "చేదోయి" అంటాడు. చేతులు రెండూ ఆ ఒక్క మాటలో. శంఖచక్రాలు కూడా పట్టుకోకుండా, ఉత్త చేతులతో పరుగెత్తిన స్వామి ఆయన.

కాజీపేట నుంచి:
ఏనుగు ఆడితె? "కరి" అంటె కరం ఉన్నదే కదా, తొండమే చెయ్యి. తొండంతోని ఆపితె పెనాల్టీయా సార్?

జనగామ నుంచి:
హస్తి అన్నా అదే అర్థం. కానీ తొండానికి చంక ఎక్కడుంది? మీ రిఫరీ గీత ఎక్కడ గీస్తాడు?

సుబేదారి నుంచి:
ఏనుగును గోల్‌కీపర్‌గ పెట్టున్రి. పెనాల్టీ ఏరియా దాటనంత సేపు పంచాయితీ లేదు.

హన్మకొండ నుంచి:
అందరికి దండం. ఇంతకీ సారు అన్నది "చేతికి"నా, "చెయ్యికి"నా?

కాజీపేట నుంచి:
చెయ్యికి.

జనగామ నుంచి:
చేతికి.

మట్టెవాడ నుంచి:
ఇప్పుడే చూసిన. నేను ఆ బడిలనే మూడేండ్లు ఆడిన. "చేతులకు" అనేటోడు.