‘ప్రస్తుతం’ అంటే ఎన్నేళ్ళు? ‘కాపురం’ ఎప్పట్నుంచి?

గ్రూపులో అన్నలకి, అక్కలకి, అయ్యోర్లకి నమస్కారం. నేను తిరుపతిలో దస్తావేజులు రాస్తా ఉండా, ఇరవై ఏళ్ళ పైమాటే. చేత్తో రాసే రోజుల్లో మొదలుపెట్టి ఇప్పుడు ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, సాయానికి ఒక పిల్లోడు, అంతకు మించి పెరిగింది లేదు. మా పనిలో దినామూ వాడే మాట ఒకటుంది, కాపురం. ఫలానా వారి కుమారుడు, వయసు సుమారు 51 సంవత్సరాలు, వ్యవసాయం, ఫలానా గ్రామం కాపురం, అని రాస్తేగానీ మనిషి కాయితం మీద నిలబడడు. కుంఫిణీ కాలం నాటి కాయితాల్లో గూడా ‘కాపురస్తులు’ అనే ఉంటుందని మా గురువు చెప్పేవాడు, నేను చూసిన పాతవాటిల్లో అయితే ఉండేది అదే.

పోయినవారం కువైట్‌లో ఉండే ఒకాయన తమ్ముడి పేరిట జీపీఏ (తన బదులు పని చేసేదానికి ఇచ్చే అధికార పత్రం) రాయమన్నాడు, చంద్రగిరి పక్కన ఇంటిజాగా అమ్మకానికి. నేను ఎప్పుడూ రాసేదే రాసినా, ‘ఫలానా గ్రామ కాపురస్తుడు, ప్రస్తుతం కువైట్ దేశంలో ఉంటున్న’ అని. డ్రాఫ్టు వాట్సాప్‌లో పంపిస్తే ఆయన వాయిస్ పెట్టినాడు. "అన్నా, నేనీడికొచ్చి ఇరవై రెండేళ్ళయింది, ఇంకా ‘ప్రస్తుతం’ ఏందన్నా? ఆ ఊళ్ళో పెండ్లయినాక నేను ఉండింది మొత్తం కలిపితే పదకొండు నెలలు, దాన్ని కాపురం అని రాసి, ఇరవై రెండేళ్ళని ప్రస్తుతం అంటావా" అని. నవ్వతానే అన్నాడు, కానీ నాకు నోట మాట రాలా.

రిజిస్ట్రేషన్‌కి దీంతో పనేం లేదు. అక్కడ ఇండియన్ ఎంబసీలో సంతకం పెట్టి అటెస్ట్ చేయించుకుంటాడు, కాయితం ఈడికి చేరినాక మూడు నెల్లలోపల స్టాంపు డ్యూటీ కట్టి వ్యాలిడేట్ చేయించుకోవాల, అంతే. ‘ప్రస్తుతం’ ఉందా లేదా అని ఎవురూ చూడరు. నా డౌటు భాష గురించే. బయటిదేశంలో ఉండే మనిషి కొత్తోడు కాకుండా పోయేది ఎప్పుడు, దానికి తెలుగులో మాట ఏది? ‘పాతకాపు’ అని ఒక మాట ఉంది, అది వేరే లెక్క, పని ముదిరినోడికి వాడతాం. ‘స్థిరపడినాడు’ అంటాం, అది పేపర్లోళ్ళ మాట మాదిరి ఉంటుంది నాకు. ఇంట్లో ఎవురన్నా అంటారా, "మా అల్లుడు స్థిరపడినాడు" అని? "ఆడ్నే ఉండిపోయినాడు" అంటారు. ఆ ‘పోయినాడు’లో కొంచెం ఏడుపు గూడా ఉంటుంది, గమనించినారా?

మీకు తెలిసింది చెప్పండి.

పీలేరు అబ్బోడు (కువైట్):
అన్నా నాది పద్నాలుగేళ్ళు. ఇక్కడ మా లెక్కంతా అకామా, అంటే ఉండేదానికి ఇచ్చే పర్మిట్. అరబ్బీలో ఆ మాటకి అర్థమే నివాసం ఉండటం, కానీ మాకు అది ఒక డేటు. ఎన్నేళ్ళున్నా రెన్యువల్ తప్పదు, ఆరు నెలలు దాటి ఊళ్ళో కూర్చుంటే అకామా పోతుంది, ఇంక కొత్త వీసానే. కఫీల్‌ను, అంటే వీసా ఇచ్చిన యజమానిని, వదిలేసి బయట పని చేసుకునేవాణ్ణి కల్లివల్లి అంటాం, అరబ్బీలో పోనీలే వదిలెయ్ అని అర్థం, మనోళ్ళ నోట్లో పడి అది మనిషి పేరైపోయింది, "వాడు కల్లివల్లి అయిపోయినాడు" అని. ఇంకోటి చూడన్నా, ఇక్కడ మేమెవురూ ఇల్లు అనం. రూమ్ అంటాం. "రూముకు పోతా ఉండా", "రూమ్‌లో వంట నాది ఈ వారం". ఇక్కడి ఫర్వానియా ఏరియాలో ఒకే రూమ్‌లో పదేళ్ళుండేవాడు గూడా రూమనే అంటాడు. ఇల్లంటే ఊళ్ళోదే.

కొర్లగుంట కోడలు:
మా తిరుపతిలో అందరూ కొత్తోళ్ళే కదా, దినానికి ఎన్ని వేలమంది వస్తారో పోతారో. ఆటోవాడు ముందు అడిగేది "లోకలా?" అని. లోకల్ అంటే ఒక రేటు, కాదంటే ఒక రేటు. నేను కుప్పం నుంచి వచ్చి పంతొమ్మిదేళ్ళయింది, నన్నడిగితే నేను లోకల్. కానీ నెలలో మొదటి మంగళవారం లోకల్ వాళ్ళకిచ్చే దర్శనం టోకెన్ కోసం పోతే ఆధార్‌లో కుప్పం అడ్రసే ఉండాది, నువ్వు లోకల్ కాదమ్మా పో అన్నారు. ఆ పొద్దే మీసేవకు పోయి మార్పించుకున్నా. పంతొమ్మిదేళ్ళ కాపురానికి కాని పని ఒక్క కరెంటు బిల్లు చేసి పెట్టింది 😄

ఇంకో మాట రైటరన్నా, మీరు ‘కాపురం’ పట్టుకున్నారు కానీ అసలు మాట ‘ఊరు’. ఏ ఊరో చెప్పకుండా ఉత్తగా "ఊరికి పోతా ఉండా" అంటామే, ఆ ఊరు ఏది? నేనంటే ఇప్పటికీ కుప్పమే. మా పిల్లకాయలు అంటే గూడా కుప్పమే, వాళ్ళు పుట్టింది ఇక్కడి రుయా ఆస్పత్రిలో, పెరిగింది కొర్లగుంటలో, అయినా సెలవలకి ‘ఊరికి’ అంటారు. పేరు పెట్టకుండా చెప్పే ఆ ఊరు మారిననాడు మనిషి మారినట్టు.

రైటర్:
అక్కా ఇది నాకు తట్టలేదు. నిజమే, ఆయన వాయిస్‌లో గూడా "ఊరికొచ్చినప్పుడు కలుస్తా" అనే అన్నాడు.

డల్లాస్ (సొంతూరు పుంగనూరు):
మా దగ్గర కథ వేరు అన్నా. ఇక్కడ ట్యాక్సోళ్ళు రోజులు లెక్కబెడతారు. ఈ ఏడాది ఉన్న రోజులన్నీ, పోయినేడాదివి మూడో వంతు, అంతకు ముందు ఏడాదివి ఆరో వంతు, కలిపితే 183 అయిందా, నువ్వు ‘రెసిడెంట్ ఏలియన్’. ఏటా 120 రోజుల చొప్పున మూడేళ్ళు వచ్చిపోయినోడికి 120, 40, 20, మొత్తం 180, మూడు రోజులు తక్కువై నాన్ రెసిడెంట్‌గానే ఉంటాడు. చదువుకోను వచ్చినోళ్ళకి మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు ఈ లెక్కలోకే రావు. అంటే నేను ఎంఎస్ చేసి ఉద్యోగంలో చేరి కారు కొని నాలుగో ఏడాది మంచు తోసేది గూడా నేర్చుకున్నా (అప్పుడు షికాగోలో ఉండేవాణ్ణి), కాయితం మీద నేనింకా రానోడికిందే లెక్క. ‘రెసిడెంట్ ఏలియన్’ని తెలుగు చెయ్యండి చూద్దాం, కాపురమున్న పరాయోడు! ఆ రెండు మాటలు ఒక దగ్గర ఎట్లా కూర్చున్నాయో నాకైతే అర్థం కాదు, కానీ నేను సరిగ్గా అదే. ఇల్లు కొన్నాం, పాపకి ఎనిమిదేళ్ళు, ఒక్కో దేశం వాళ్ళకి ఏడు శాతం మించి ఇవ్వమనే సీలింగు దెబ్బకి గ్రీన్‌కార్డు క్యూ కదలదు, హెచ్‌వన్ ఉద్యోగ వీసా మూడేళ్ళకోసారి పొడిగిస్తా ఉంటారు. పాపది అమెరికా పాస్‌పోర్టు. ఇంట్లో కొత్తోళ్ళం మేమిద్దరమే.

మదనపల్లె అయ్యోరు (రిటైర్డ్):
నాయనా, అతిథి అనే మాటకి మన ధర్మశాస్త్రాల్లో ఒక లెక్క ఉంది, ఒక్క రాత్రి ఉండేవాడే అతిథి, నిలకడ లేనివాడు గనక ఆ పేరు అని. జనం ఇంకా రెండు రోజులు పెంచినారు, మూడు రోజులుంటే మురికి చుట్టం. ఈ చుట్టానికీ కాపురానికీ మధ్యలో ఉండేవాడికి మాత్రం మనవాళ్ళు సరైన పేరు పెట్టలేదు. ‘పరదేశి’ ఉంది గానీ, చిత్తూరు వైపు తమిళం గాలి తగిలి అది తిట్టయిపోయింది. దిక్కూదివాణం లేనివాడు, అడుక్కునేవాడు అనే అర్థంలో "పరదేశి మాదిరి తిరగతా ఉండాడు" అంటాం. దూరదేశం నుంచి వచ్చినవాడు తిట్టుకిందికి జారినాడు మన దగ్గర. లాటిన్‌లో ఇదే మాట పైకి పోయింది చూడండి, పెరెగ్రీనుస్ అంటే పరదేశి, అదే తిరిగి తిరిగి ఇంగ్లీషులో పిల్‌గ్రిమ్ అయింది, యాత్రికుడు. తిరుపతి వాళ్ళకి ఈ ముక్క పనికొస్తుంది.

మా ఊరి సంగతి ఒకటి చెప్తా. జేమ్స్ కజిన్స్ అని ఐర్లండ్ కవి, 1915లో ఇండియాకి వచ్చినాడు, మా బీటీ (బిసెంట్ థియోసాఫికల్) కాలేజీలో పనిచేసినాడు. 1919లో టాగూరు వచ్చి జనగణమనను ఇంగ్లీషు చేసింది ఆయన దగ్గర ఉన్నప్పుడే, స్వరం రాయడంలో చెయ్యి కలిపింది ఆయన భార్య మార్గరెట్. కజిన్స్ తరువాత హిందువై జయరామ్ అని పేరు పెట్టుకున్నాడు. 1956లో పోయింది గూడా మదనపల్లెలోనే. వచ్చి నలభై ఏళ్ళు, పేరు మారింది, మట్టి ఇక్కడే. ఇప్పటికీ మేం ఆయన్ను ఏమంటాం? ‘ఐరిష్ కవి’. నేనే అన్నాగదా ఇందాక.

డల్లాస్:
అయ్యోరూ, దండం మీకు. ఆయనకే దిక్కు లేకపోతే నాకేం ఉంటుంది 🙏

గ్రీమ్స్‌పేట పెద్దాయన (చిత్తూరు):
మనిషి కదిలితేనే పరాయోడు అయితాడనుకుంటా ఉండారు మీరంతా. మా మేనత్త తిరుత్తణిలో ఉండేది. 1960 ఏప్రిల్ ఒకటిన తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి పోయింది. ముందునాడు రాత్రి చిత్తూరు జిల్లాలో పండుకుని పొద్దున మద్రాసు రాష్ట్రంలో లేచింది ఆమె. ఇల్లు అదే, బావి అదే. ఆమె కాపురం మారలేదు, కాయితం మారింది.

పీలేరు అబ్బోడు (కువైట్):
పెద్దాయనా సూపర్. రైటరన్నా, ఆ జీపీఏ రాయమన్నాయన ఫ్యామిలీ యాడుంది?

రైటర్:
ఫ్యామిలీ ఈడ్నే, తిరుపతిలో అద్దింట్లో, పిల్లల చదువు కోసం. ఆయన ఆడ డ్రైవరు. భార్యను పిలిపించుకోవాలంటే జీతం ఇంతుండాలని రూలంట గదా, అది ఆయనకు ఎప్పుడూ అందలేదంట.

పీలేరు అబ్బోడు (కువైట్):
అట్లయితే కాపురం అనేదానికి లేదన్నా. ఒంటి మగోడు ఉంటాడు, కాపురం చెయ్యడు. మనోళ్ళు కాపురం పెట్టినారు అంటారంటే పొయ్యి, పెండ్లాం, పప్పుడబ్బా అన్నీ కలిపే. వేరుకాపురం అంటే వేరే పొయ్యి. మాది ఆరుగురికి ఒకే పొయ్యి, వారానికొకడి వంతు. నేను ఇరవై ఏళ్ళు కాదు నలభై ఏళ్ళుంటే గూడా రాయొద్దు నాకు కాపురం అని.

కొర్లగుంట కోడలు:
అంటే ఆమె ఇక్కడ ఒక్కతే పిల్లల్ని పెట్టుకుని చేసేది కాపురం కాదా మరి? మగోడు లేకున్నా అది కాపురమేనా, ఆడది లేకపోతే ఆయనది కాదా? ఈ మాట మీరు నిదానంగా చూడాల.

మదనపల్లె అయ్యోరు:
కాచు, కాపు, కాపలా, కావలి ఒక గుంపు మాటలు. కాపురంలో గూడా ఆ కాపే ఉన్నట్టు కనపడుతుంది నాకు. అట్ల చూస్తే కాచుకుని ఉన్నవాళ్ళదే కాపురం. ఆ లెక్కన ఆమ్మదే.

రైటర్:
అయ్యోరూ, నేనైతే నిన్న రాత్రి డ్రాఫ్టు మార్చినా. ‘స్వగ్రామం ఫలానా, కాపురం కువైట్ దేశం, ఫర్వానియా’ అని ‘ప్రస్తుతం’ తీసేసి, ఆయన అడిగిందే గదా పాపం అని. పొద్దున ఫోన్‌లో చదివి వినిపించినా. కాసేపు ఉలుకూ పలుకూ లేదు, సిగ్నల్ పోయిందేమో అని హలో హలో అన్నా. "ఉండన్నా ఉండా" అన్నాడు. తరువాత "వొద్దులేన్నా, ప్రస్తుతమనే వెయ్. అకామా మార్చిలో అయిపోతుంది" అన్నాడు.

కొర్లగుంట కోడలు:
😔

గ్రీమ్స్‌పేట పెద్దాయన:
స్టాంపు పేపరు మీద కొట్టేసినావా రైటరూ?

రైటర్:
లేదు పెద్దాయనా, తెల్లకాయితమే. మళ్ళా ప్రింట్ తీస్తా ఉండా.