చిన్న బోరు ఆరిఫైస్ ప్లేటు అంచు పదును కొలిచేది ఎలా?

ప్రశ్న (ముత్తుకూరు నుంచి):
కృష్ణపట్నం రేవు దగ్గర ఒక వంటనూనె శుద్ధి కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంటేషన్ పని చూస్తున్నాను. బాయిలర్‌కు వెళ్లే నీటి లెక్కకూ స్టీమ్ మీటర్ల లెక్కకూ పొంతన కుదరడం లేదు. బ్లోడౌన్ (బాయిలర్ నుంచి బయటికి వదిలేసే నీరు) తీసివేసినా స్టీమ్ తక్కువే చూపుతోంది. ట్రాన్స్‌మిటర్లను (పీడన వ్యత్యాసాన్ని కొలిచి పంపే పరికరాలను) క్యాలిబ్రేట్ చేయించినా తేడా పోలేదు. ఈ మీటర్లలో ఆరిఫైస్ ప్లేటు, అంటే మధ్యలో రంధ్రం ఉన్న లోహపు బిళ్ల, పైపులో అడ్డంగా ఉంటుంది; దానికి ఇరువైపులా ఏర్పడే పీడన వ్యత్యాసాన్ని బట్టే ప్రవాహం లెక్కిస్తాం. షట్‌డౌన్‌లో విప్పిన రెండు ప్లేట్లలో ఒకదాని బోరు (ఆ రంధ్రం) వ్యాసం 60 మి.మీ., రెండవదానిది 22 మి.మీ. గోటితో తడిమితే రెండూ పదునుగానే తోస్తున్నాయి. అంచు అరిగిందో లేదో నమ్మకంగా తేల్చే పద్ధతి ఏదైనా ఉందా?

జవాబు (నెల్లూరు నుంచి):
గోటి పరీక్షను లెక్కలోకి తీసుకోకండి. ఇలాంటి ప్రవాహ కొలతకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్‌ఓ 5167 రెండవ భాగం ప్రకారం ప్రవాహం వచ్చే వైపు అంచు వ్యాసార్థం బోరు వ్యాసానికి 0.0004 రెట్లు మించకూడదు. అంటే పెద్దదానికి 0.024 మి.మీ., చిన్నదానికి సుమారు 0.009 మి.మీ. బోరు 25 మి.మీ., అంతకు మించి ఉంటే సాధారణంగా కంటి పరీక్ష చాలు. ప్లేటును శుభ్రంగా తుడిచి, టార్చి వెలుగును అంచు మీదికి ఏటవాలుగా వేసి, నిదానంగా తిప్పుతూ చూడండి. ఎక్కడైనా సన్నని తెల్లగీత మెరిస్తే అక్కడ అంచు గుండ్రబడినట్లే. మీ అనుమానం సబబైనదే: అంచు మొద్దుబారితే డిశ్చార్జి గుణకం (అసలు ప్రవాహానికీ సిద్ధాంత లెక్కకూ ఉన్న నిష్పత్తి) పెరిగి, అదే ప్రవాహానికి పీడన వ్యత్యాసం తగ్గి, మీటరు తక్కువ చూపుతుంది.

జవాబు (ఒంగోలు నుంచి):
22 మి.మీ. ప్లేటుకు మాత్రం కంటి పరీక్ష చాలదు, కొలవవలసిందే. సుమారు 0.1 మి.మీ. మందం గల సీసపు రేకును నిటారుగా బిగించి, బోరు అంచును దానిలోకి మెల్లగా నొక్కితే, ఆ అంచు ఆకారం రేకులో గాటుగా దిగుతుంది. ఆ రేకును ప్రొఫైల్ ప్రొజెక్టరులో (వస్తువు అంచు ఆకారాన్ని పెద్దది చేసి తెరపై చూపే పరికరంలో) 100 రెట్లు పెంచి చూస్తే మీ 0.009 మి.మీ. తెరపై 0.9 మి.మీ. అవుతుంది; పారదర్శక కాగితంపై గీసుకున్న చాపాలను దాని మీద ఉంచి పోల్చవచ్చు. చుట్టూ కనీసం నాలుగు చోట్ల ముద్ర తీయండి, ఎందుకంటే అరుగుదల అంతటా ఒకేలా ఉండదు. ప్రొజెక్టరు కోసం చెన్నై దాకా పోనక్కరలేదు. ఇంజనీరింగ్ కళాశాలల మెట్రాలజీ ల్యాబుల్లో సాధారణంగా ఉంటుంది, అడిగి చూడండి.

జవాబు (కావలి నుంచి):
వీటన్నిటికంటే ముందు, ప్లేటు తిరగబడి బిగించబడలేదని హ్యాండిల్ మీది గుర్తును బట్టి నిర్ధారించుకోండి. బెవెల్ (బోరు అంచును ఏటవాలుగా చెక్కిన వైపు) ప్రవాహానికి ఎదురుగా ఉన్నా మీటరు తక్కువే చూపుతుంది, ఆ తేడా అరుగుదల వల్ల వచ్చేదానికంటే చాలా పెద్దది. ఇక అంచు అరిగిందని తేలితే ఎమరీ కాగితంతో రుద్ది సరిచేయబోకండి, ఇంకా గుండ్రబడుతుంది. ముఖాన్ని లేత్‌పై తిరిగి తీయించినా, బోరును మళ్లీ కొలిచి ఆ విలువను ఫ్లో లెక్కలో మార్చాలి. అంత చిన్న ప్లేటుకు కొత్తది చేయించుకోవడమే నయం.