కలిసిపోయిన తాళం పిన్నులు వేరుచేయడం ఎలా? వాటిలో మెడెకో పిన్నులూ ఉన్నట్టున్నాయి

ప్రశ్న

అందరికీ నమస్కారం. తాళాలు విప్పి, లోపలి పిన్నులు మార్చి వేరే తాళం చెవికి సరిపెట్టడం నాకు హాబీ, వృత్తి కాదు. ఈమధ్య కొన్ని పాత సిలిండర్లతో పాటు ఒక డబ్బా నిండా పిన్నులు దొరికాయి, అన్నీ కలిసిపోయి ఉన్నాయి. మొన ఉన్నవి, రెండు పక్కలా చదునుగా ఉన్నవి, నడుం సన్నబడ్డవి, పల్చటి బిళ్ళలు, అన్నీ ఉన్నాయి. కొన్ని మాత్రం మిగతావాటి కంటే లావుగా ఉన్నాయి, పక్కన నిలువు గాడి ఉంది, మొన ఉలిలా ఉంది. ఇవి మెడెకో అనే హై సెక్యూరిటీ తాళాల కంపెనీవని నా అనుమానం. డిజిటల్ కాలిపర్, ట్వీజర్లు ఉన్నాయి. ఒక్కోటీ కొలుద్దామని కూర్చుంటే ఒకే పిన్ను ఒకసారి 5.31 మి.మీ., ఇంకోసారి 5.34 మి.మీ. చూపిస్తోంది, పిన్నుల పొడవుల చార్టులో ఆ రెండూ లేవు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

జవాబు

కాలిపర్ కాసేపు పక్కన పెట్టండి. చేతిలో ఉంది కదా అని అందరూ పొడవుతోనే మొదలుపెడతారు, నిజానికి పొడవు చివర్లో చూడాల్సింది. ముందు ఆకారం, తర్వాత లావు, ఆ తర్వాతే పొడవు. ఈ వరుసలో వెళ్తే జాగ్రత్తగా కొలవాల్సినవి బాగా తగ్గిపోతాయి, డ్రైవర్ పిన్నులకి, అంటే కీ పిన్నుల పైన స్ప్రింగు కింద కూర్చునేవాటికి, కీ పిన్నులంత కచ్చితమైన కొలత అక్కర్లేదు.

అంచులున్న ట్రేలో లేత రంగు గుడ్డ పరిచి పిన్నులు దాని మీద పోయండి. నున్నటి బల్ల మీద పోస్తే దొర్లుకుంటూ వెళ్ళిపోతాయి, తర్వాత టార్చి పట్టుకుని నేల మీద పాకాలి. ముందు ఒక అయస్కాంతం తిప్పండి. అంటుకున్నవి ఉక్కువి, అంటే డ్రిల్లుకి తట్టుకోవడానికి పెట్టే గట్టి పిన్నులు, కొన్ని స్ప్రింగులు. ఇత్తడి, నికెల్ సిల్వర్ అంటుకోవు. స్టెయిన్‌లెస్‌లో కూడా కొన్ని అంటుకోవు కాబట్టి మిగిలినవన్నీ ఇత్తడి అని రాసేసుకోకండి.

ఇక ఆకారం. మొన ఉన్నవి కీ పిన్నులు, చెవిని తాకేవి ఇవే. రెండు పక్కలా చదునుగా ఉన్నవి డ్రైవర్లు. నడుం సన్నబడ్డవి స్పూల్ డ్రైవర్లు, ఒంటినిండా సన్న గాళ్ళున్నవి సెరేటెడ్ డ్రైవర్లు, పిక్ పెట్టి తెరిచేవాణ్ణి తికమక పెట్టడానికే ఇవి. కొన్ని తాళాల్లో కీ పిన్నులకీ ఆ గాళ్ళుంటాయి, అందుకని మొన చూసి విడదీయండి, గాళ్ళు చూసి కాదు. పల్చటి బిళ్ళలు మాస్టర్ వేఫర్లు, ఒకే తాళం రెండు వేర్వేరు చెవులతో తెరుచుకునేలా చేస్తాయి. వీటిని వేరే డబ్బాలో వేసి మూత పెట్టేయండి, మామూలు రీకీయింగ్‌లో, అంటే పిన్నులు మార్చి వేరే చెవికి సరిపెట్టడంలో, వీటితో పని లేదు. మరీ పల్చటి వేఫర్ గదిలో (పిన్ను కూర్చునే రంధ్రంలో) అడ్డం తిరిగి ఇరుక్కుందంటే ప్లగ్ (చెవితో పాటు తిరిగే లోపలి భాగం) బయటికి రాక చుక్కలు కనిపిస్తాయి.

లావుకి కూడా కాలిపర్ అక్కర్లేదు. మామూలు ష్లేజ్, క్విక్‌సెట్ లాంటి తాళాల పిన్ను లావు 0.115 అంగుళం, అంటే సుమారు 2.92 మి.మీ. మెడెకో పిన్ను 0.135 అంగుళం, దాదాపు 3.43 మి.మీ. మీ దగ్గరున్న పాత సిలిండర్లలో ఏదో ఒక మామూలు దాని ప్లగ్ ఖాళీ చేసి, దాని రంధ్రాన్నే గేజీగా వాడండి. పిన్ను తేలిగ్గా జారి లోపల ఊగిసలాడకుండా నిలిస్తే ఆ లావుదే. లావువి దూరవు, బాగా సన్నవి కదులుతుంటాయి.

అడిగినవారు

ధన్యవాదాలు అన్నా, ఒక్క సాయంత్రంలో ఆకారం, లావు ప్రకారం విడిపోయాయి. మామూలు లావు కీ పిన్నులు ఒక గుట్ట మిగిలాయి. వాటి పొడవు కొలిస్తే మళ్ళీ అదే గోల, 4.18, 4.56, 4.93, 5.31, 5.34, మధ్యలో 4.38, 5.55 లాంటివి. ఇవి ఏ కంపెనీవని తేల్చాలి?

జవాబు

అంకె చూడకండి, అంకెల మధ్య దూరం చూడండి. మామూలు డిజిటల్ కాలిపర్ 0.02 మి.మీ. అటూ ఇటూ చూపించడం మామూలే. ష్లేజ్‌లో చెవి కోతల్లో ఒక లోతుకీ తర్వాతి లోతుకీ తేడా 0.015 అంగుళం, అంటే 0.38 మి.మీ. అంత పెద్ద మెట్టు ముందు 0.02 తేడా ఎంత? 0 నంబరు పిన్ను 0.165 అంగుళం, 9 నంబరు 0.300 అంగుళం, మధ్యలో అన్నీ 0.015 చొప్పున పెరుగుతాయి. మీ 4.18, 4.56, 4.93 వరుసగా 0, 1, 2. 5.31 అయినా 5.34 అయినా 3 నంబరే, అసలు కొలత 5.33.

4.38, 5.55 క్విక్‌సెట్‌వి. అక్కడ మెట్టు 0.023 అంగుళం, 0.58 మి.మీ. 1 నంబరు 0.172, 2 నంబరు 0.195, 3 నంబరు 0.218, అలా 6 దాకా. గమనించారా, క్విక్‌సెట్ 2, ష్లేజ్ 2 రెండూ 0.195 అంగుళమే. క్విక్‌సెట్ 4 అయితే 0.241, ష్లేజ్ 5 అయితే 0.240. లావు ఒకటే, పొడవు ఒకటే అయినప్పుడు అది ఏ కంపెనీ తాళం నుంచి ఊడిందన్నది అనవసరం. అందుకే డబ్బా మీద కంపెనీ పేరు కాకుండా పొడవు రాసుకోండి, అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన. 195 అని రాసి ఉన్న గడిలోది రెండింటికీ పనికొస్తుంది.

కొలిచేటప్పుడు పిన్ను కాలిపర్ దవడల మధ్య కాస్త వాలినా ఎక్కువ చూపిస్తుంది. దవడలు మెల్లగా మూసి, పిన్నుని వేలితో కొంచెం తిప్పుతూ వచ్చిన అతి తక్కువ అంకె తీసుకోండి. ఏ మెట్టుకీ చెందకుండా మధ్యలో తేలే పిన్ను కనిపిస్తే దాన్ని భూతద్దం కింద పెట్టండి. మొన అరిగి చిన్న మెరిసే చదును కనిపిస్తే అది అరిగిన పిన్ను. పై అంచున ఆకురాయి గీతలు కనిపిస్తే ఎవరో సరైన పిన్ను లేక ప్లగ్ మీదికి పొడుచుకొచ్చిన భాగాన్ని అరగదీసి సరిపెట్టారన్నమాట. రెండు రకాలూ పారేయండి, దాచుకుంటే ఎప్పుడో ఒకప్పుడు మళ్ళీ వాడేస్తారు.

ఇంకొకరు

ఇదంతా అవసరమా అండీ? 0.003 అంగుళం మెట్టుతో వచ్చే యూనివర్సల్ పిన్ కిట్ ఒకటి కొనుక్కుంటే అన్ని కంపెనీలకీ సరిపోతుంది. రంగులు కూడా ఉంటాయి. పాత పిన్నులు తూకానికి అమ్మేయడమే.

జవాబు

రోజూ పదిమంది తాళాలు చేసేవారికి మీ మాట నిజమే. హాబీకి కిట్ ఉంటే మంచిదే కానీ దానికీ ఒక మెలిక ఉంది. 0.003 అంగుళం అంటే 0.076 మి.మీ. ఆ మెట్టులో రెండు గడుల పిన్నులు కలిసిపోయాయంటే మామూలు కాలిపర్‌తో విడదీయడం కష్టం, మైక్రోమీటర్ ఉంటే మేలు. రంగు కూడా ఒక కంపెనీ కిట్‌కీ ఇంకో కంపెనీ కిట్‌కీ ఒకేలా ఉండదు, చెయ్యి తగిలి డబ్బా బోర్లా పడిందంటే రంగు చూసి సర్దేస్తానంటే కుదరదు. పైగా హై సెక్యూరిటీ పిన్నులు ఆ కిట్‌లో దొరకవు. ఆయన అడిగిందాంట్లో అసలు కష్టమైన భాగం అదే కదా.

అడిగినవారు

అవును, ఆ లావు పిన్నుల సంగతే మిగిలింది. పొడవు ప్రకారం సర్దబోతే ఒకే పొడవున్నవి కూడా ఒకదానికొకటి తేడాగా కనిపిస్తున్నాయి. మొన ఒకదాంట్లో నేరుగా ఉంది, ఇంకోదాంట్లో పక్కకి తిరిగి ఉంది.

జవాబు

అయితే మెడెకోవే. వాటిలో పిన్ను పైకి లేస్తే సరిపోదు, తన ఇరుసు మీద తిరగాలి కూడా. చెవి మీది కోతలు వాలుగా ఉంటాయి, ఉలి మొన ఆ కోతలో కూర్చుని పిన్నుని తిప్పుతుంది. అప్పుడు పక్కనున్న నిలువు గాడి సైడ్‌బార్ (ప్లగ్ పక్కన ఉండి దాన్ని తిరగనివ్వని కడ్డీ) కాలికి ఎదురుగా వస్తుంది. అన్ని పిన్నుల గాళ్ళూ వరుసలోకి వస్తేనే సైడ్‌బార్ లోపలికి జారుతుంది, ప్లగ్ తిరుగుతుంది. ఎత్తు సరిగ్గా ఉన్నా ఒక్క పిన్ను తప్పు కోణంలో ఉంటే తాళం కదలదు. కాబట్టి పొడవు ఒక్కటే రాసుకున్న మెడెకో పిన్ను దేనికీ పనికిరాదు.

చూసే పద్ధతి చెప్తాను. పిన్నుని ట్వీజర్లతో పట్టుకుని మొన మీ వైపు, గాడి పైకి ఉండేలా పెట్టండి. ఇప్పుడు ఉలి అంచు గాడి దిశకి ఎలా ఉందో చూడండి. గాడికీ ఉలి అంచుకీ మధ్య కోణం మూడు రకాలుగా కనిపిస్తుంది: ఒకటి మధ్యస్థం, మిగతా రెండూ దానికి చెరో వైపు 20 డిగ్రీలు తిరిగినవి. మధ్యస్థం అని నిస్సందేహంగా తెలిసిన పిన్ను ఒకటి పక్కన పెట్టుకుని మిగతావాటిని దానితో పోల్చండి, కంటికి తొందరగా అలవాటవుతుంది. అన్నిటినీ ఒకేలా పట్టుకోవడం ముఖ్యం, ఒకదాన్ని మొన మీ వైపు, ఇంకోదాన్ని మొన అటు వైపు పెట్టి చూస్తే కుడి ఎడమలు తారుమారు అవుతాయి.

తర్వాత మొన స్థానం చూడండి. పాత ఒరిజినల్ రకంలో ఉలి అంచు పిన్ను మధ్యగా ఉంటుంది. బయాక్సియల్ రకంలో అది మధ్య నుంచి ముందుకో వెనక్కో జరిగి ఉంటుంది. పక్క నుంచి వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే తెలిసిపోతుంది. ఒరిజినల్‌లో 6 లోతులు, 3 కోణాలు, మొత్తం 18 రకాలు. బయాక్సియల్‌లో ఆ మూడు కోణాలకీ ముందు, వెనక అని రెండేసి కాబట్టి 36. మెట్లు కూడా వేరు, ఒరిజినల్‌లో 0.030 అంగుళం, బయాక్సియల్‌లో 0.025. ముందు ఈ రెండు కుటుంబాలనీ విడదీసి తర్వాతే కొలవండి.

ఇంకో మాట. కొన్ని పిన్నులకి అసలు గాడి కాక లోతు తక్కువున్న దొంగ గాడి కూడా ఉంటుంది, సైడ్‌బార్‌ని తప్పుదారి పట్టించడానికి. లోతుగా ఉన్నదాన్నే లెక్కలోకి తీసుకోండి. పిన్ను పైభాగాన చిన్న బుడిపె కనిపిస్తుంది, అది గదిలోని సన్న దారిలో కూర్చుని పిన్ను మరీ ఎక్కువ తిరగకుండా ఆపుతుంది. బుడిపె విరిగిన పిన్ను పారేయండి.

ఇంకొకరు

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మల్-టి-లాక్ కంపెనీ తాళాల పిన్నులు కూడా ఇలాగే సర్దొచ్చా? నా దగ్గర గుంటల తాళం చెవి ఉన్నది ఒకటి ఉంది.

జవాబు

అక్కడ పిన్ను లోపల పిన్ను ఉంటుంది. బయటి గొట్టం ఒక ఎత్తు, లోపలి సన్న పిన్ను ఇంకో ఎత్తు, రెండూ ఒకేసారి షియర్ లైన్‌కి, అంటే ప్లగ్‌కీ దాని చుట్టూ ఉన్న భాగానికీ మధ్య గీతకి, రావాలి. రెండిటినీ విడివిడిగా కొలవాలి, కానీ వాటి జత విడిపోకూడదు. అందుకే ఒకేసారి మొత్తం ఊడదీయకండి, ఒక గది విప్పి, కొలిచి, రాసుకుని, ట్రేలో ఆ గది నంబరు మీద పెట్టాకే రెండోదానికి వెళ్ళండి. గదులకి నంబర్లు తాళం ముఖం వైపు నుంచి వేసుకోండి. అబ్లోయ్ లాంటివి చేతికొస్తే ఈ పాఠం పనికిరాదు, వాటిలో పిన్నులూ స్ప్రింగులూ కాదు, తిరిగే బిళ్ళలుంటాయి, బిళ్ళల వరుసే అక్కడ ప్రాణం.

అడిగినవారు

చివరగా ఒకటి. విడదీసిన ష్లేజ్ పిన్నులతో ఒక సిలిండర్ చేద్దామనుకుంటున్నా. చెవి ఉంది, దాని కోతల లోతు నంబర్లు చెప్పే కోడ్ లేదు. ఏ పిన్ను వెయ్యాలో చెవి చూసి తేల్చొచ్చా?

జవాబు

తేల్చొచ్చు. చెవి అడుగు అంచు నుంచి కోత గుంట దాకా మిగిలిన ఎత్తు కొలవండి. ప్లగ్ వ్యాసంలోంచి దాన్ని తీసేస్తే మిగిలిందే పిన్ను పొడవు. ష్లేజ్‌లో ప్లగ్ 0.500 అంగుళం. మిగిలిన ఎత్తు 0.275 వస్తే పిన్ను 0.225, అంటే 4 నంబరు. చెవి అడుగు అంచు ప్లగ్ అడుగు కంటే పైన కూర్చునే తాళాల్లో ఆ తేడా కూడా తీసేయాలి. కాలిపర్ దవడలో పల్చటి కత్తి అంచు భాగంతోనే కొలవండి, మందపాటి భాగం కోత అడుక్కి దిగకుండా పక్క వాలుల మీదే ఆగిపోయి ఎత్తు ఎక్కువ చూపిస్తుంది.

కీ పిన్నులు వేసి చెవి పెట్టాక, డ్రైవర్లు ఎక్కించే ముందే ప్లగ్ మీద వేలిగోరు లాగి చూడండి. గోరుకి తగిలితే పిన్ను పొడవు, గుంట తగిలితే పొట్టి. పొడవైన కీ పిన్ను ఉన్న గదికి పొట్టి డ్రైవర్, పొట్టిదానికి పొడుగు డ్రైవర్ వేస్తే స్ప్రింగు మరీ నలిగిపోదు. డబ్బాలోని పాత స్ప్రింగులు మాత్రం వాడకండి, సాగినవి చూపుకి తెలియవు, కొత్తవి వేసుకోండి. పిన్నుల జిడ్డు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టండి, గ్రాఫైట్ వేస్తే దాని మీద నూనె వేయకండి, రెండూ కలిస్తే బురదవుతుంది. చేసిన సిలిండర్‌ని బల్ల మీదే కొన్నాళ్ళు తిప్పి చూడండి, వాడుకలో ఉన్న తలుపుకి అప్పుడే బిగించకండి.

అడిగినవారు

గోరు పరీక్ష చేశాను, మూడో గదిలో తగిలింది. 240 గడిలోది తీసి 225 వేస్తే సమంగా కూర్చుంది. మెడెకో గుట్ట రేపు మొదలుపెడతాను.