అప్‌డేట్: ఈస్ట్ బ్రాత్ ఫిల్టర్‌లో ఎందుకు ఆగిపోతోందో తెలిసింది
పాలవిరుగుడు నీళ్లలో పెంచిన క్లూయివెరోమైసెస్ మార్క్సియానస్ అనే ఈస్ట్ బ్రాత్ (కణాలతో ఉన్న ద్రవం) ప్రెషర్ ఫిల్టర్‌లో కాసేపటికే ఆగిపోతోందని, బేకర్స్ ఈస్ట్ మాత్రం హాయిగా దిగుతోందని అడిగాను కదా. మైక్రోస్కోప్‌లో చూడమన్న అన్నకు థాంక్స్, విషయం అక్కడే ఉంది. బేకర్స్ ఈస్ట్ కణాలు గుండ్రంగా ఉన్నాయి, మావి సన్నగా సాగి గొలుసుల్లా అతుక్కుని ఉన్నాయి. ఇలాంటివి కేక్‌లో (ఫిల్టర్ మీద కణాలు పేరుకున్న పొరలో) అడ్డంగా పరుచుకుంటాయని, ప్రెషర్ పెంచేకొద్దీ నలిగి సందులు మూసుకుపోతాయని మా మేడమ్ చెప్పారు. మేమేమో టెన్షన్‌లో ప్రెషర్ పెంచుతూనే పోయాం!

ప్రెషర్ తగ్గించి, బ్రాత్‌లో కీసెల్‌గర్ పొడి (డయాటమ్ మట్టి, వడపోత సులువు చేసేది) కలిపాక ఇప్పుడు బాగానే దిగుతోంది. కణాలే కావాలనుకునేవాళ్లకు ఈ పొడి పనికిరాదు, వాటిలో కలిసిపోతుంది. మాకు కావాల్సింది కింది ద్రవమే.

ఫిల్టర్ షీట్ కంపెనీ మార్చినా తేడా రాలేదు. నల్గొండ నీళ్లలోని ఫ్లోరైడ్ వల్లేమో అన్నవాళ్లకు: బ్రాత్‌ని పలచన చేసింది డిస్టిల్డ్ వాటర్‌తోనే.