పెరట్లో ఎలుకల ట్రాప్: ఎర మాయం, ట్రాప్ పడటం లేదు. ఏం చేయాలి?

న్యూజిలాండ్‌లో ఉండే తెలుగువాళ్లు, ట్రాపింగ్ అలవాటున్నవాళ్లు ఎవరైనా కాస్త సాయం చేయండి. మేం వెల్లింగ్టన్‌లో ఉంటాం. 2050 కల్లా దేశంలో ఎలుకలు, స్టోట్‌లు (ముంగిసలా కనిపించే చిన్న వేట జంతువులు), పాసమ్‌లు (చెట్లెక్కే, పొట్టకు సంచి ఉండే జంతువులు) లేకుండా చేయాలని ఇక్కడి ప్రభుత్వం 2016లో లక్ష్యం పెట్టుకుంది కదా, మా వీధిలో చాలామంది పెరట్లో ట్రాప్‌లు పెట్టారు. మేమూ పెట్టాం. మనుషులు రాకముందు ఈ నేల మీద గబ్బిలాలు తప్ప వేరే క్షీరదాలే లేవు. ఎలుక గూట్లోకి దూరితే గుడ్లు ఎలా కాపాడుకోవాలో పాపం ఇక్కడి పక్షులకు తెలీదు. కుందేళ్ల బెడద తగ్గుతుందని 1880లలో స్టోట్‌లను తెచ్చి వదిలితే అవీ పక్షుల మీదే పడ్డాయి.

మాది చెక్క పెట్టెలో స్ప్రింగ్ ట్రాప్. ఎర పీనట్ బటర్. పొద్దున్నే చూస్తే మీట మీద ఎర నాకేసి శుభ్రంగా ఉంటుంది, ట్రాప్ మాత్రం పడదు. మీట అంచున సన్నటి పళ్ల గాట్లు, పక్కన బియ్యపు గింజంత పెంటికలు ఉంటున్నాయి. ఇవి చిట్టెలుకల పనేనా? బరువు చాలక ట్రాప్ పడటం లేదా? మీటను ఇంకా సున్నితంగా సెట్ చేయొచ్చా, ఎర తగ్గించాలా?

పక్కింటివాళ్లకు కుక్క ఉంది, అందుకే విషం వద్దనుకుంటున్నాం. సెప్టెంబర్ నుంచి టుయి పక్షులు గూళ్లు కట్టడం మొదలుపెడతాయి, ఆలోపే ఇది సరిచేయాలని టెన్షన్‌గా ఉంది. మీ పెరట్లో ఏది పనిచేసిందో చెప్పండి.