సుగానో పోయినాక ఆయన కాట్రిడ్జ్‌ని ఇంకొకరి చేత విప్పించొచ్చా?

పెన్నా_గాడి (అనంతపురం)
జపాన్‌లో చేసే కోయెట్సు కాట్రిడ్జ్‌లకు (రికార్డు ప్లేయర్‌లో ముల్లును పట్టుకొని గాడి నుంచి పాటను తీసే చిన్న పెట్టెలకు) ప్రాణం పోసిన యోషియాకి సుగానో 2002లో పోయినాడు. పని కొడుకు ఫుమిహికో అందుకున్నాడు. ఇక్కడ ఉండేది పెద్దాయన కాలం నాటి రోజ్‌వుడ్ మోడల్. ముల్లు అరగలేదు, ముల్లును మోసే సన్నని కడ్డీ, కాంటిలివర్, నేరుగానే ఉంది. 2 గ్రాముల బరువు పెట్టినా బాడీ ఎత్తుగానే నిలబడుతోంది, గట్టిగా పాడే చోట స, శ అక్షరాలు చీలిపోతున్నాయి. కాంటిలివర్ ఊపును అదుపు చేసే డ్యాంపర్ రబ్బరు గట్టిపడిందని నా అనుమానం. రీబిల్డ్ (విప్పి భాగాలు మార్చి మళ్లీ బిగించడం) చేయించాలా, అట్లే పెట్టాలా?

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)
విప్పొద్దన్నా. కాంటిలివర్ వెనక సన్నని ఉక్కు తీగ ఉంటుంది. అది డ్యాంపర్ రింగు గుండా పోయి వెనక చిన్న స్క్రూతో బిగుస్తుంది. ఆ తీగ ఎంత లాగినారు, రబ్బరు ఎంత నొక్కుకుంది అన్నదే ఆ కాట్రిడ్జ్ గొంతు. దాన్ని ఆయన చెవితో విని బిగించినాడు. స్క్రూ ఒక్కసారి వదులైతే ఆ బిగువు మళ్లీ యాడ నుంచి తెస్తారు?

రాయల_ఎండ
ముందు గది 24 డిగ్రీలకు తెచ్చి చూడప్పా. మే నెలలో రబ్బరు మెత్తబడుతుంది, డిసెంబరు తెల్లవారుజామున బిగుస్తుంది.

కడప_కాయిల్ (కడప)
ఎండ మాట నిజమే. కానీ 24 డిగ్రీల్లోనూ ఎత్తుగా నిలబడితే రబ్బరు ముసలిదైనట్టే. అనుమానంతో పనేముంది, కొలిచి చూడు. టెస్ట్ రికార్డులో రెజొనెన్స్ (ముల్లు అన్నిటికన్నా ఎక్కువగా ఊగే స్థాయి) ట్రాక్ పెట్టు. కాట్రిడ్జ్‌ని మోసే ఆర్మ్ సరిజోడైతే 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య ముల్లు కళ్లకు కనిపించేట్టు వణుకుతుంది. కంప్లయన్స్, అంటే ముల్లు ఊగే మెత్తదనం, సగానికి పడితే 10 దగ్గర ఉండాల్సింది 14కు పోతుంది. అట్లొస్తే రీటిప్ (ముల్లు ఒక్కటే మార్చడం) చాలదు, డ్యాంపర్ మార్చాల్సిందే. కొత్త ముల్లు వేసినా పాత రబ్బరు మీదనే కదా ఊగేది!

కొండారెడ్డి_బురుజు
మార్చే చేతులు ఎట్లాంటివో చూడండి. ఒక చోట నుంచి తిరిగొచ్చినదానికి జెనిత్ (పై నుంచి చూస్తే కాంటిలివర్ మీద ముల్లు తిరిగి ఉండే కోణం) 3 డిగ్రీలు తిరిగి ఉండింది. అడిగితే హెడ్‌షెల్‌లో (ఆర్మ్ కొసన కాట్రిడ్జ్ బిగించే చోట) తిప్పుకోండి అన్నారు. ముల్లు సరి చేద్దామని బాడీ తిప్పితే కాంటిలివర్ గాడికి ఏటవాలు అవుతుంది. పైగా జిగురు ముద్దగా పెట్టినారు. ముల్లు కొన దగ్గర ఆ బరువు పెరిగితే పైస్థాయి రెజొనెన్స్ కిందికి దిగి తాళాలు గరగరమంటాయి.

కడప_కాయిల్
ఎవరో జిగురు ఎక్కువ పెట్టినారని పని మొత్తం తప్పా? పంపే ముందే అడగాల: కాంటిలివర్‌ను మొదలు నుంచి మారుస్తారా, విరిగిన మొండికి అతుకు వేస్తారా? లోపలి తీగచుట్టను, కాయిల్‌ను, ముట్టుకుంటారా? జెనిత్ మైక్రోస్కోప్ కింద తీసిన ఫొటో ఇస్తారా?

గాడి_గుర్రం
దీంతో పాత 78 ఆర్‌పీఎం ప్లేట్లు వేయొచ్చా?

కడప_కాయిల్
వద్దు. ఎల్పీ ముల్లు 78 గాడి అడుగున కొట్టుకుంటుంది. దానికి 65–75 మైక్రాన్ల గుండ్రటి ముల్లు వేరే ఉండాల.

కొండారెడ్డి_బురుజు
అసలు మాట వదిలి 78కు పోయినారు. వేరే చెయ్యి పడినాక దాన్ని సుగానో కోయెట్సు అని ఎట్లా అంటారు?

కడప_కాయిల్
నీకు పాట అక్కరలేదు, పేరు కావాల. అద్దాల బీరువాలో పెట్టుకో పో.

కొండారెడ్డి_బురుజు
నోరు జాగ్రత్త. పేరు కోసం కాదప్పా. ఆ బిగువు ఆయన యాడా రాసిపెట్టలేదు, ఆ కాట్రిడ్జ్‌లోనే ఉంది. రేపు ఎవరైనా ఈ పని నేర్చుకోవాలంటే చూడాల్సింది అదే. విప్పితే ఆధారం పోతుంది. నా బాధ అది.

కడప_కాయిల్
ఈ మాట మొదట్లోనే చెప్పింటే నేను అట్లా అనేవాణ్ణి కాదు. నా బాధ కూడా విను. గట్టిపడిన రబ్బరు గాడి మలుపులకు లొంగదు, ముల్లు గోడల్ని చెక్కుకుంటా పోతుంది. పౌరాణిక పద్యాల ఎల్పీలు మళ్లీ అచ్చు వేసేవాళ్లు లేరు. పద్యం రాగం ఎత్తుకునే చోటే గాడి ఎక్కువ వంకర తిరుగుతుంది, అక్కడే కోసుకుపోతుంది. ఒక్కసారి చీలిన గాడి ఏ సుగానో చేతిలోనూ బాగుపడదు. నువ్వు కాట్రిడ్జ్ కాపాడుతున్నావు, నేను ప్లేటు కాపాడుతున్నా.

కొండారెడ్డి_బురుజు
అయితే దాన్ని వాడొద్దు. ప్లేట్లకు డెనాన్ 103 కాట్రిడ్జ్ పెట్టుకో. 1962లో జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే కోసం చేసింది, 2.5 గ్రాములు, గుండ్రటి ముల్లు. ఆ కోయెట్సు రోజ్‌వుడ్ దాని డబ్బాలోనే ఉంటుంది.

పెన్నా_గాడి
నిన్న 24 డిగ్రీల్లో కొలిచినా. 14 దాటింది. ఇక దీన్ని ఏ ప్లేటు మీదా దించను. రీబిల్డ్‌కు ఇచ్చే ముందు మూడు పనులు చేస్తా: పక్క నుంచీ ముందు నుంచీ కాంటిలివర్ ఫొటోలు, రెజొనెన్స్ రీడింగ్, 1 కిలోహెర్ట్జ్ దగ్గర ఎడమ నుంచి కుడికీ కుడి నుంచి ఎడమకీ ధ్వని ఎంత కారుతోందో డెసిబెల్స్‌లో. పాత డ్యాంపర్, తీగ పారేయకుండా తిరిగి పంపమని చీటీ పెడతా.

కొండారెడ్డి_బురుజు
స్క్రూ తిప్పే ముందు తీగ ఎంత పొడుగు బయటికి ఉందో కూడా కొలవమని రాయి. ఆ అంకె నాకూ పంపు.